సముద్రపు నీటిలోని సేంద్రియ రేణువులను వరంగల్ ల్యాబులో కొలవడం ఎలా?

సముద్రం మనకు దూరమే. కానీ సముద్రంలో కలిసే మట్టీ ఆకులూ పాచీ మన దగ్గరి నుంచి కూడా పోతాయి. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి బాసర, ధర్మపురి, మంథని దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. ఏటూరునాగారం అడవుల పక్క నుంచి భద్రాచలం మీదుగా బంగాళాఖాతానికి చేరుతుంది. వరదలో కొట్టుకుపోయిన టేకాకు ముక్కలో సముద్రం దాకా చేరేది ఎంత? అక్కడ నీటిలో పుట్టిన పాచి ఎంత? వరంగల్‌లో కూర్చుని అడగాల్సిన ప్రశ్నలే ఇవి. దేశానికంతటికీ సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ కూడా తీరం లేని హైదరాబాద్‌లోనే ఉంది కదా.

జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, పర్యావరణ శాస్త్రం చదివే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. కావాల్సినవి వ్యాక్యూమ్ పంపు, మఫిల్ ఫర్నేస్, హాట్ ఎయిర్ ఓవెన్, నాలుగు దశాంశాల బ్యాలెన్స్, స్పెక్ట్రోఫొటోమీటర్. చాలా డిగ్రీ, పీజీ కాలేజీల్లో ఇవి ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌లో దొరుకుతాయి. ఫర్నేస్ సివిల్ ఇంజినీరింగ్ వాళ్ల దగ్గరో మట్టి పరీక్షల ల్యాబులోనో ఉంటుంది, వెళ్లి అడగండి. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ ఎంతుందో కొలిచే సీహెచ్ఎన్ ఎనలైజర్ లేకపోయినా పని ఆగదు. ఆ దారి కూడా కింద చెప్తాను.

అసలు ఏం కొలుస్తున్నాం

నీటిని సన్నని ఫిల్టర్ మీద వడగడితే పైన నిలిచినది రేణువు, కిందికి దిగినది కరిగిన పదార్థం. ప్రకృతిలో అలాంటి గీత ఏమీ లేదు, అది మనం గీసుకున్నదే. సముద్ర శాస్త్రంలో ఎక్కువగా వాడే వాట్‌మన్ జీఎఫ్/ఎఫ్ గాజు పీచు ఫిల్టర్ రంధ్రం సుమారు 0.7 మైక్రాన్లు. బ్యాక్టీరియాలో కొంత భాగం దాని గుండా జారిపోతుంది. పైన నిలిచే వాటిలో బతికున్న శైవలాలు, చచ్చిన కణాలు, చిన్న జంతువుల మలం గుళికలు, ఆకు ముక్కలు, జిగురు తెట్టెలు, వీటితో పాటు మట్టి కూడా ఉంటుంది.

తీరం దగ్గర లీటరు నీటిలో రేణు సేంద్రియ కార్బన్ సాధారణంగా కొన్ని వందల మైక్రోగ్రాములు ఉంటుంది. నడిసముద్రంలో పైనీటిలో కొన్ని పదులకు పడిపోతుంది, లోతుకు పోతే నాలుగైదు మైక్రోగ్రాములే మిగలొచ్చు. అదే లీటరులో కరిగిన సేంద్రియ కార్బన్ మాత్రం అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటుంది. అంటే మనం వెతికే దానికన్నా, వద్దనుకున్నదే చాలాచోట్ల ఎక్కువ. పైగా అది గాజు పీచుకు అంటుకుంటుంది. ఈ పనిలో ఫలితాలు మెషిన్ దగ్గర పాడయ్యేది తక్కువ, ఫిల్టర్ దగ్గర పాడయ్యేదే ఎక్కువ. అందుకే ఫిల్టర్ గురించి ఇంత వివరంగా చెప్తున్నాను.

చెరువు నీటితో చేయి తిరగనివ్వండి

సముద్రానికి పోయే ముందు వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్, లేదా గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు నీటితో మొత్తం పద్ధతి పూర్తిగా చేసి చూడండి. చెరువు నీటిలో ఉప్పు బెడద ఉండదు, పాచి బాగా ఉంటుంది కాబట్టి ఫిల్టర్ మీద రంగు కళ్లకు కనిపిస్తుంది. ఒకే సీసా నుంచి మూడు ఫిల్టర్లు తీసి, మూడింటి విలువలూ పది శాతం లోపు తేడాతో వచ్చే దాకా సముద్రం జోలికి పోవద్దు.

ఫిల్టర్లు కాల్చి పెట్టుకోవడం

కొత్త డబ్బా నుంచి తీసిన ఫిల్టర్ మీద కూడా కార్బన్ ఉంటుంది. వాటిని అల్యూమినియం ఫాయిల్‌లో వదులుగా చుట్టి 450 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చండి. వేడి ఇంకా పెంచితే ఇంకా శుభ్రమవుతాయని అనుకోవద్దు. ఎక్కువ వేడికి గాజు పీచు మెత్తబడి, రంధ్రాల సైజు మారిపోతుంది. మధ్యలో కరెంటు పోతే మిగిలిన సమయం లెక్కగట్టకుండా మొదటి నుంచి మళ్లీ కాల్చండి. చల్లారాక ఆ ఫాయిల్‌లోనే మడిచి, మూత గట్టిగా ఉండే గాజు సీసాలో పెట్టండి. మిగతా పనికి వాడే ఫాయిల్ ముక్కలనూ ఇలాగే కాల్చుకోండి. బరువు తూచాల్సిన ఫిల్టర్లను కాల్చిన తర్వాతే తూచి, ఒక్కోదాన్ని నంబరు వేసిన పెట్రీ డిష్‌లో ఉంచండి. నంబరు డిష్ మీద రాయాలి, ఫిల్టర్ మీద రాయకూడదు. పెన్ను సిరాలో కూడా కార్బన్ ఉంటుంది.

ఫిల్టర్‌ను చేత్తో అస్సలు తాకవద్దు, కొనలు చదునుగా ఉన్న ఫోర్సెప్స్ వాడండి. ఇంకో మాట. చాలా ల్యాబుల్లో పొద్దున్నే దేవుడి పటం ముందు అగరబత్తి వెలిగిస్తారు, సాయంత్రం దోమల కాయిల్ పెడతారు. ఆ పొగంతా కార్బనే. ఫిల్టర్లు బయట ఉన్న గదిలో ఆ రోజుకి అవి వద్దని అటెండర్‌కు మర్యాదగా చెప్పండి. వరి కొయ్యలు కాల్చే రోజుల్లో కిటికీలు మూసి పని చేయండి.

నీళ్లు తేవద్దు, ఫిల్టర్లు తేండి

వరంగల్ నుంచి అందుబాటులో ఉన్న తీరం బాపట్ల దగ్గరి సూర్యలంక. విజయవాడ మీదుగా పోయే రైల్లో నాలుగైదు గంటల్లో బాపట్లలో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటోలో బీచ్‌కి చేరొచ్చు. చీరాల దగ్గరి వాడరేవు కూడా మంచిదే. కానీ అక్కడ క్యాన్లు నింపుకొని వరంగల్‌కు మోసుకొస్తే వచ్చేలోపు అది వేరే నీరు అయిపోతుంది. బ్యాక్టీరియా రేణువులను తింటాయి, శైవలాలు చస్తాయి, రేణువులు సీసా గోడలకు అంటుకుంటాయి. నీరు తీసిన రెండు మూడు గంటల్లో వడపోత అయిపోవాలి. అందుకే ఫిల్టర్ హోల్డర్, గేజ్ ఉన్న చేతి వ్యాక్యూమ్ పంపు, కొలజాడీ, కాల్చిన ఫిల్టర్లు వెంట తీసుకెళ్లండి. బాపట్లలో ఒక రూమ్ తీసుకుంటే టేబుల్ మీద పని నడుస్తుంది. యాసిడ్, అసిటోన్ రైల్లో తీసుకెళ్లకూడదు, అక్కడ వాటి అవసరమూ లేదు.

అలలు విరిగే చోట ముంచితే ఇసుకా అడుగు మట్టీ వస్తాయి. వాటిని దాటి లోపలికి పోవాలి. బోటు నడిపే ఆయనతో ముందే మాట్లాడుకోండి: "అన్నా, అక్కడికి పోయాక ఇంజిన్ పది నిమిషాలు ఆపాలి, నీళ్లు బోటు ముందు వైపు నుంచి ముంచుతాం." డీజిల్ పొర కలిసిన నీటిలో కార్బన్ కొలిచి ఏం లాభం? ఆయన్నే ఇంకొన్ని అడగండి. మొన్న వాన పడ్డదా, నీళ్ల రంగు ఎప్పటి నుంచి మారింది, చేపలు ఎటు పడుతున్నాయి. ఇవి నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత అంకెలు అర్థం కానప్పుడు ఈ మాటలే దారి చూపిస్తాయి. ఉప్పదనం, ఉష్ణోగ్రత, టైమ్ కూడా అక్కడే రాయాలి.

సీసాలను ముందే పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఉంచండి. అక్కడ అదే సముద్రపు నీటితో మూడుసార్లు తొలిచి నింపండి. పోసేటప్పుడు 200 మైక్రాన్ల నైలాన్ జాలీ గుండా పోస్తే పెద్ద జంతు ప్లవకాలు, అంటే నీటిలో తేలే చిన్న జంతువులు, ఆగిపోతాయి. ఒక్క రొయ్య పిల్ల ఫిల్టర్ మీద పడితే ఆ ఫిల్టర్ లెక్క అంతా దానిదే అవుతుంది.

వడపోత

ప్రతిసారీ పోసే ముందు సీసాను నెమ్మదిగా నాలుగైదు సార్లు తలకిందులు చేయండి. ఈ చిన్న పని మర్చిపోవడం వల్లే ఒకే సీసాలోని మొదటి ఫిల్టర్‌కూ మూడో ఫిల్టర్‌కూ పొంతన కుదరదు. గట్టిగా ఊపితే మెత్తని కణాలు పగులుతాయి, కాబట్టి ఊపవద్దు. పంపు ఒత్తిడి 150 మిల్లీమీటర్ల పాదరసం దాటకూడదు. తొందరపడి గట్టిగా లాగితే కణాలు చిట్లి, లోపలి రసం వడపోత నీటిలోకి పోతుంది.

ఎంత నీరు పోయాలి? తీరం దగ్గర అర లీటరు నుంచి లీటరు చాలు. నడిసముద్రపు నీరు దొరికితే రెండు నుంచి ఐదు లీటర్లు కావాలి. ఫిల్టర్ మీద లేత రంగు కనిపించాలి, ధార మాత్రం ఇంకా సాఫీగా దిగుతుండాలి. చుక్క చుక్కగా పడుతోందంటే రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. అప్పుడు 0.7 మైక్రాన్ల ఫిల్టర్ అనే మాటకు విలువ ఉండదు. ఆ ఫిల్టర్ తీసేసి, తక్కువ నీటితో కొత్తది మొదలుపెట్టండి.

వడపోత కాగానే ఫిల్టర్‌ను సగానికి మడిచి ఫాయిల్‌లో చుట్టి థర్మాకోల్ డబ్బాలో పెట్టాలి. ఉత్త ఐస్ సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కుల్ఫీ వాళ్లు చేసినట్టు దంచిన ఐస్‌లో దొడ్డుప్పు కలిపితే సున్నా కిందికి బాగా దిగి, ఫిల్టర్ గడ్డకడుతుంది. చేపల రేవు దగ్గర ఐస్‌కు కొదువ ఉండదు. ఫాయిల్ పొట్లాలను జిప్ కవర్లో పెట్టడం మాత్రం మరవద్దు. ఆ ఉప్పునీరు లోపలికి పోతే చేసిన కష్టమంతా వృథా.

ఉప్పుతో అసలు పేచీ

47 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఆరకముందు అర మిల్లీలీటరు నీటిని సులువుగా పట్టి ఉంచుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీరైతే ఆ అర మిల్లీలీటరులోనే 17.5 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. మీరు వడగట్టిన లీటరు నీటిలోని రేణువులన్నీ కలిపి ఐదారు మిల్లీగ్రాములే ఉండొచ్చు. ఉప్పు కడగకుండా తూస్తే మీరు తూచేది ఉప్పునే.

కడగడంలో ఇంకో చిక్కు ఉంది. ఉప్పునీటిలో బతికే కణం మీద డిస్టిల్డ్ వాటర్ పోస్తే నీరు లోపలికి దూసుకెళ్లి కణం పగులుతుంది. కార్బన్‌లో కొంత కిందికి జారిపోతుంది. అందుకని ఏ పనికి పెట్టిన ఫిల్టర్‌ను ఆ పనికి తగ్గట్టు కడగాలి. బరువు కోసం పెట్టిన ఫిల్టర్‌ను 0.5 మోలార్ అమ్మోనియం ఫార్మేట్ ద్రావణంతో కడగండి. లీటరు నీటికి సుమారు 31.5 గ్రాములు వేస్తే సరిపోతుంది. దాని గాఢత సముద్రపు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కణాలు చిట్లవు, ఆరబెట్టినప్పుడు అది ఆవిరైపోతుంది. కానీ అందులోనే కార్బన్, నైట్రోజన్ ఉన్నాయి. అందుకే కార్బన్, నైట్రోజన్ కొలిచే ఫిల్టర్‌ల దగ్గరికి దాన్ని రానివ్వొద్దు. ఆ ఫిల్టర్‌ల మీద చివర్లో కొద్ది మిల్లీలీటర్ల వడగట్టిన సముద్రపు నీరు పోసి గరాటు గోడలు కడిగి, పంపుతో బాగా లాగేయండి. సీహెచ్ఎన్ లెక్కకు ఉప్పు అడ్డు రాదు, బరువుకే అడ్డం వస్తుంది.

చాలామంది వదిలేసేది ఫిల్టర్ అంచు. గరాటు కింద నొక్కుకుని ఉన్న అంచులోకి ఉప్పునీరు పాకుతుంది, పైనుంచి పోసిన కడుగు నీరు మాత్రం అక్కడికి చేరదు. గరాటు తీసేశాక, పంపు నడుస్తుండగానే, డ్రాపర్‌తో అంచు చుట్టూ చుక్కచుక్కగా కడగండి. ఆరాక అంచు మీద తెల్లటి వలయం కనబడిందంటే ఉప్పు మిగిలే ఉంది. ఇంకా నమ్మకం కావాలంటే, ముందే వడగట్టిన సముద్రపు నీటిని అంతే పరిమాణంలో కొత్త ఫిల్టర్ మీద పోసి, అలాగే కడిగి, ఆరబెట్టి తూచండి. పెరిగిన బరువులో ఎక్కువ భాగం మిగిలిన ఉప్పే. దాన్ని అన్ని నమూనాల్లోంచీ తీసేయండి.

బ్లాంక్ లేకుండా అంకె రాయవద్దు

బ్లాంక్ అంటే రేణువుల వల్ల కాకుండా ఫిల్టర్ వల్లే అంకెలో చేరే కార్బన్. ఇక్కడ ఓపిక పట్టాలి. కాల్చిన ఫిల్టర్‌ను నీరు పోయకుండా నేరుగా మెషిన్‌లో పెట్టి దాన్నే బ్లాంక్ అని రాసే అలవాటు ఉంది. అది ఫిల్టర్‌లో మిగిలిన కార్బన్‌ను మాత్రమే చెప్తుంది. కరిగిన సేంద్రియ పదార్థం గాజుకు అంటుకున్న సంగతి దానికి తెలియదు. దాన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు ఫిల్టర్లను ఒకదాని కింద ఒకటి పెట్టి వడగట్టడం. కింది ఫిల్టర్ చూసేది దాదాపుగా కరిగిన పదార్థాన్నే, కాబట్టి దాని మీది కార్బన్‌ను పై ఫిల్టర్ లెక్కలోంచి తీసేయాలి.

రెండోది నాకు ఎక్కువ నచ్చిన దారి. ఒకే నీటిని వేర్వేరు పరిమాణాల్లో వడగట్టి గ్రాఫ్ గీయడం. ఉదాహరణకు 250 మిల్లీలీటర్లకు 141 మైక్రోగ్రాములు, 500కు 246, 1000కి 457 వచ్చాయనుకుందాం. అడ్డంగా నీటి పరిమాణం, నిలువుగా కార్బన్ పెట్టి గీత గీయండి. వాలు లీటరుకు సుమారు 421 మైక్రోగ్రాములు వస్తుంది, అదే అసలు రేణు కార్బన్. నీరు సున్నా దగ్గర గీత నిలువు అక్షాన్ని 36 దగ్గర తాకుతుంది, అది ఫిల్టర్‌కు అంటుకున్న బ్లాంక్. ఇప్పుడు గ్రాఫ్ లేకుండా ఉత్త భాగహారం చేసి చూడండి. 250 మిల్లీలీటర్ల ఫిల్టర్‌ను బట్టి లీటరుకు 564 వస్తుంది, లీటరు ఫిల్టర్‌ను బట్టి 457. అదే నీరు, అదే చేయి, తేడా మాత్రం వందకు పైన. తక్కువ నీరు వడగట్టిన వాళ్లకు ఎప్పుడూ ఎక్కువ కార్బన్ ఎందుకు కనిపిస్తుందో దీంతో తెలిసిపోతుంది. ఒక్కో స్టేషన్‌కు ఇన్ని ఫిల్టర్లు పెట్టలేకపోతే, కనీసం ప్రతి ప్రయాణంలో ఒక స్టేషన్‌లో అయినా ఇది చేయండి.

ఆరబెట్టడం, తూయడం, కాల్చడం

సముద్రపు ఫిల్టర్‌లను 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూయండి. మళ్లీ గంట ఆరబెట్టి తూస్తే బరువు మారకూడదు. వానాకాలంలో సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగులోకి త్వరగా తిరుగుతుంది. రోజూ చూసి, ఓవెన్‌లో ఆరబెట్టుకోండి. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ 0.1 మిల్లీగ్రాము దాకే చూపిస్తుంది. రేణువుల బరువు రెండు మిల్లీగ్రాములే ఉంటే ఆ ఒక్క అడుగే ఐదు శాతం అవుతుంది, కాబట్టి బరువు ఫిల్టర్‌కు ఎక్కువ నీరు వడగట్టండి.

తూచిన ఫిల్టర్‌ను 450 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి మళ్లీ తూస్తే తగ్గిన బరువు సేంద్రియ పదార్థం. అందులో కార్బన్ ఉజ్జాయింపుగా సగం. మురుగు నీటి పరీక్షల్లో 550 డిగ్రీలు వాడతారు. ఇక్కడ అంతకు వెళ్లొద్దంటాను. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మట్టిలో దక్కన్ నల్లరేగడి బంక ఉంటుంది. బంక మట్టి ఖనిజాల నిర్మాణంలోనే నీరు ఉంటుంది, వేడి పెరిగే కొద్దీ అదీ పోతుంది. ఆ తగ్గుదల కూడా సేంద్రియ పదార్థం ఖాతాలో పడుతుంది. కావాలంటే కొంచెం రేగడి మట్టిని 450 దగ్గర కాల్చి తూచి, దాన్నే మళ్లీ 550 దగ్గర కాల్చి తూచి చూడండి. వరద నెలల్లో తీసిన నమూనాల మీద ఈ పద్ధతి ఒక్కదాన్నే నమ్మవద్దు.

యాసిడ్ పొగ, సీహెచ్ఎన్

తీరపు నీటిలో గవ్వల పొడి, సున్నపు పెంకులున్న సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలోనిది అకర్బన కార్బన్. ఆరిన ఫిల్టర్‌ను గాజు డెసికేటర్‌లో, అడుగున గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న చిన్న బీకరు పెట్టి, రాత్రంతా ఆ పొగలో ఉంచితే కార్బొనేట్ పోతుంది. ఈ డెసికేటర్ ఫ్యూమ్ హుడ్‌లోనే ఉండాలి. బ్యాలెన్స్ ఉన్న గదిలో తెరిస్తే బ్యాలెన్స్ తుప్పు పడుతుంది, మీ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. తర్వాత 60 డిగ్రీల దగ్గర మళ్లీ ఆరబెట్టి యాసిడ్ వాసన పోయాక ముందుకు పోండి.

సీహెచ్ఎన్ ఎనలైజర్ ఉన్న ల్యాబుకు ఫిల్టర్ పంపుతుంటే సగం కోసి టిన్ క్యాప్సూల్‌లో నొక్కి, నంబర్ల పట్టిక జత చేసి పంపండి. మిగతా సగం మీ ఫ్రీజర్‌లో ఉంచుకోండి. కాలిబ్రేషన్‌కు వాడే అసిటనిలైడ్‌లో కార్బన్ 71.09 శాతం, నైట్రోజన్ 10.36 శాతం. మీ నమూనాల మధ్యలో ప్రతి పదింటికీ ఒకసారి దాన్ని పెట్టమని అడగండి. వాళ్లు పంపిన షీటులో ఆ విలువలు లేకపోతే ఫోన్ చేసి తెప్పించుకోండి, మొహమాటపడవద్దు.

వచ్చిన విలువలతో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి చూడండి. కార్బన్ 421, నైట్రోజన్ 70 మైక్రోగ్రాములు అనుకుంటే, మొదటిదాన్ని 12తో, రెండోదాన్ని 14తో భాగించాలి. 35.1, 5.0 వస్తాయి, నిష్పత్తి 7. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934 నుంచి చేసిన పనితో స్థిరపడిన నిష్పత్తిలో 106 కార్బన్ పరమాణువులకు 16 నైట్రోజన్, అంటే 6.6. దానికి దగ్గరగా వస్తే నీటిలో పుట్టిన శైవలాల వాటా ఎక్కువ. భూమి మీది చెట్ల ఆకుల్లో ఇది సాధారణంగా 20 పైనే. వరద తర్వాతి నమూనాలో నిష్పత్తి పది పన్నెండుకు పెరిగితే అడవుల ఆకు చేరుతోందేమో అని అనుమానించడానికి ఆధారం దొరికినట్టే. అనుమానం అంటున్నాను, రుజువు అనడం లేదు. మట్టిలో కుళ్లిన ఆకు మీద బ్యాక్టీరియా చేరితే నిష్పత్తి మళ్లీ తగ్గుతుంది.

ఎనలైజర్ లేకపోతే డైక్రోమేట్

మట్టి పరీక్షల వాళ్లకు బాగా తెలిసిన రసాయనమే. ఫిల్టర్‌ను చిన్న బీకరులో వేసి, ఒక మిల్లీలీటరు ఫాస్ఫారిక్ యాసిడ్, ఒక మిల్లీలీటరు నీరు పోసి 100 నుంచి 110 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. ఈ అరగంటను మింగేయవద్దు. ఫిల్టర్‌లో మిగిలిన క్లోరైడ్ ఇక్కడే ఎగిరిపోతుంది. మనం పైన లెక్కేసిన అర మిల్లీలీటరు సముద్రపు నీటి క్లోరైడ్ మొత్తం డైక్రోమేట్‌ను తినేస్తే, లేని కార్బన్ దాదాపు 0.8 మిల్లీగ్రాము ఉన్నట్టు చూపిస్తుంది. అది మీ నమూనాకు రెట్టింపు కావొచ్చు. ఇదే కారణంతో, ఈ పద్ధతికి పెట్టిన ఫిల్టర్‌ను హైడ్రోక్లోరిక్ పొగలో పెట్టవద్దు. కార్బొనేట్‌ను డైక్రోమేట్ ఎలాగూ పట్టించుకోదు.

తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించిన పొటాషియం డైక్రోమేట్ పది మిల్లీలీటర్లు పోసి, అదే వేడిలో గంట ఉంచండి. కార్బన్ ఉన్న కొద్దీ నారింజ రంగు తగ్గి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పూర్తిగా చల్లారాక, నీళ్లలోకి యాసిడ్‌ను నెమ్మదిగా పోస్తూ 100 మిల్లీలీటర్లకు చేర్చండి. యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. గాజు పీచు అడుగుకు దిగాక, లేదా సెంట్రిఫ్యూజ్ చేశాక, 440 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. బ్లాంక్ ఫిల్టర్ రీడింగ్ కంటే నమూనా రీడింగ్ ఎంత తగ్గిందో అదే కార్బన్‌కు కొలమానం. స్టాండర్డ్ కోసం 250 మిల్లీగ్రాముల గ్లూకోజ్‌ను 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము కార్బన్ ఉన్నట్టు. ఫలితాన్ని "గ్లూకోజ్ కార్బన్‌తో సమానం" అని రాయాలి. కొవ్వులు ఎక్కువున్న కణాలు గ్లూకోజ్ కంటే ఎక్కువ డైక్రోమేట్ తింటాయి.

పాచి వాటా, జిగురు వాటా

ఇంకో ఫిల్టర్‌ను పది మిల్లీలీటర్ల 90 శాతం అసిటోన్‌లో వేసి, ఫాయిల్ చుట్టి, ఫ్రిజ్‌లో చీకట్లో ఒక రోజు ఉంచితే క్లోరోఫిల్ దిగుతుంది. సెంట్రిఫ్యూజ్ చేసి 664, 647, 630, 750 నానోమీటర్ల దగ్గర చూడండి. 750 రీడింగ్‌ను మిగతా మూడింట్లోంచి తీసేసి ఇలా లెక్కించండి: 11.85 × 664 రీడింగ్ − 1.54 × 647 రీడింగ్ − 0.08 × 630 రీడింగ్. దాన్ని అసిటోన్ మిల్లీలీటర్లతో గుణించి, వడగట్టిన నీటి లీటర్లతో, క్యూవెట్ వెడల్పు సెంటీమీటర్లతో భాగిస్తే లీటరుకు మైక్రోగ్రాముల్లో క్లోరోఫిల్-ఎ వస్తుంది. గాజు క్యూవెట్ వాడండి, ప్లాస్టిక్ క్యూవెట్ అసిటోన్‌కు మసకబారి కరుగుతుంది. కార్బన్‌ను క్లోరోఫిల్‌తో భాగిస్తే 50 దరిదాపుల్లో ఉన్న నీరు తాజా పాచిది. కొన్ని వందలకు పోతే చచ్చిన పదార్థం, బయటి నుంచి వచ్చిన ఆకు, మట్టి ఎక్కువ.

శైవలాలు వదిలే జిగురు రేణువులు మామూలుగా కంటికి కనిపించవు. వాటిని ఆల్షియన్ బ్లూ అనే నీలి రంగుతో పట్టొచ్చు. 0.4 మైక్రాన్ల పాలీకార్బొనేట్ ఫిల్టర్ మీద నీరు వడగట్టాక, కొద్దిగా రంగు వేసి వెంటనే లాగేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. రంగును సముద్రపు నీటిలో కలపవద్దు, ఉప్పుకు అది గడ్డకడుతుంది. ఫిల్టర్‌ను 80 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో రెండు గంటలు నానబెట్టి 787 నానోమీటర్ల దగ్గర చూస్తారు. కొలమానానికి జాంథన్ గమ్ వాడతారు. మైక్రోస్కోప్ ఉంటే ఒక రంగు ఫిల్టర్‌ను తప్పకుండా చూడండి. నీలి తెట్టెల మీద డయాటమ్‌లు (గాజులాంటి పెంకున్న శైవలాలు), మట్టి రేణువులు అతుక్కుని కనిపిస్తాయి. ఇలా ఒకటికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగుతూ అవి కార్బన్‌ను సముద్రపు లోతులకు తీసుకెళ్తాయి.

రాయడం, పారబోయడం

ఫలితాల పట్టికలో కార్బన్ అంకె పక్కన ఫిల్టర్ రకం, వడగట్టిన నీరు, కడిగిన పద్ధతి, యాసిడ్ పెట్టారా లేదా, బ్లాంక్ ఎంత, ఎలా తీశారు అన్నవి ఉండాలి. బ్లాంక్ మీ నమూనాలో మూడో వంతు దాటితే ఆ అంకెను ప్రచురించవద్దు, ఎక్కువ నీటితో మళ్లీ చేయండి.

డైక్రోమేట్ వ్యర్థంలో ఆరు సంయోజకత ఉన్న క్రోమియం ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. సింకులో పోస్తే నాలా నుంచి చెరువుకే పోతుంది. ఫెర్రస్ సల్ఫేట్ వేసి నారింజ రంగు పూర్తిగా పోయి ఆకుపచ్చ అయ్యే దాకా కలపండి. తర్వాత సున్నం నీటితో నెమ్మదిగా తటస్థం చేసి, అడుగున చేరిన బురదను ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకు అప్పగించండి. అసిటోన్ మిగులును మూతపెట్టిన వేరే సీసాలో, యాసిడ్లకు దూరంగా, పేరూ తేదీ రాసి ఉంచండి.